సర్వరు తప్పా? మన తప్పా?

"ఒరేయ్, ఆ సర్వరు అనేవాడు ఎవర్రా? ఎప్పుడు వెళ్ళినా రాలేదంటారు!"

2025 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న నన్ను అడిగిన ప్రశ్న ఇది. పొలం కాగితం ఒకటి తీయించుకోవడానికి ఆయన మూడు రోజులు పని మానుకొని పక్క ఊరికి తిరిగాడు. మూడు రోజులూ ఒకటే జవాబు. "సర్వరు రావట్లేదు, రేపు రండి." మా నాన్న దృష్టిలో సర్వరంటే ఎవరో పెద్ద ఆఫీసరు. జీతం తీసుకుంటూ డ్యూటీకి రాని ఆఫీసరు. నేను నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. మూడు రోజుల పనీ, బస్సు ఛార్జీలూ పోగొట్టుకున్నవాడికి నవ్వెలా వస్తుంది?

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. "మనిషి కాదు నాన్నా, మిషను. చెడిపోయి ఉంటుంది" అని తప్పించుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే నా చేతుల మీదుగా ఒక పొరపాటు జరిగింది. దానికి మరొకాయన మాట పడవలసి వచ్చింది. అప్పుడు గాని నాన్న ప్రశ్నలో ఎంత నిజం ఉందో నాకు బోధపడలేదు. సర్వరు వెనకాల నిజంగానే ఒక మనిషి ఉంటాడు. ఆ మార్చి నెలలో ఆ మనిషిని నేనే.

మన వార్షిక సంచికలో ప్రతి ఏడూ వరకట్నం మీద, నిరుద్యోగం మీద, ర్యాగింగు మీద వ్యాసాలు వస్తాయి. రావాలి కూడా. కాని కంప్యూటరు సెట్టింగుల గురించి వ్యాసమేమిటి, ఇది సైన్సు మాగజైను కాదు గదా అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నేను రాయబోయేది సెట్టింగుల గురించే అయినా, అసలు సంగతి అది కాదు. తప్పు జరిగినప్పుడు దాన్ని ఎలా వెతకాలి, ఎవరి నెత్తిన వెయ్యాలి, ఎవరి నెత్తిన వెయ్యకూడదు అన్నదే నా సమస్య. దయచేసి చివరిదాకా చదవండి.

ముందుగా సర్వరంటే ఏమిటో తెలుగులో చెప్పుకుందాం. మా తాతయ్యకు తెలిసిన సర్వరు ఒక్కడే. టౌను హోటల్లో భుజాన తువ్వాలు వేసుకొని "ఏం కావాలండీ" అని అడిగే మనిషి. నిజానికి వెబ్ సర్వరు చేసే పని కూడా అదే. మన ఫోను "ఫలానా పేజీ కావాలి" అని అడుగుతుంది. సర్వరు లోపలికి వెళ్ళి ఆ పేజీ తెచ్చి ఇస్తుంది. ఏ పేరుతో అడిగినవాళ్ళకు ఏ గదిలోంచి తెచ్చి పెట్టాలి, ఎవరిని లోపలికి రానివ్వకూడదు అన్నది మాత్రం అది సొంతంగా నిర్ణయించుకోదు. యజమాని ఒక చీటీ మీద రాసి పెట్టాలి. ఆ చీటీ పేరే కాన్ఫిగరేషన్ ఫైలు. మామూలు అక్షరాలతో రాసిన మామూలు ఫైలే అది. 1995లో వచ్చిన అపాచీకైనా, 2004లో ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా దేశస్థుడు విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్‌కైనా ఆ చీటీయే ప్రాణం. చీటీలో ఏం రాసి ఉంటే సర్వరు అదే చేస్తుంది. మనం ఏమనుకొని రాశామో దానికి అనవసరం.

ఇక జరిగింది చెబుతాను.

మా డిపార్ట్‌మెంటులో ఒక మూల గదిలో పాత కంప్యూటరు ఒకటి ఉంది. దాని మీద ఎన్‌జిన్‌ఎక్స్ నడుస్తుంది. ప్రాక్టికల్ పరీక్షల టైంటేబుళ్ళు, ఇంటర్నల్ మార్కులు, లాబ్ మాన్యువళ్ళు అందులో పెడతాం. దాన్ని కనిపెట్టుకొని ఉండే పనిని మాస్టారు ముగ్గురు విద్యార్థులకు అప్పగించారు. ముగ్గురిలో నేనొకణ్ణి. ఆ పనికి జీతం లేదు, మార్కులు లేవు. కొంచెం గర్వం మాత్రం ఉంది.

మార్చి 10వ తేదీ రాత్రి నేను ఆ చీటీలో ఒక చిన్న మార్పు చేశాను. అప్పటిదాకా టైంటేబుల్ పేజీ క్రిందటి ఏటి ఫోల్డరులోంచి వస్తోంది. దాన్ని ఈ ఏటి ఫోల్డరుకు మళ్ళించాలి. ఒక్క లైను పని. మార్చేముందు పాత ఫైలుకు నకలు తీసి ఉంచుకోవాలని మాస్టారు చెప్పేవారు. నేను బుద్ధిగా నకలు తీశాను. అసలు ఫైలు పేరు "టైంటేబుల్". నకలుకు "ఓల్డ్-టైంటేబుల్" అని పేరు పెట్టి, ఆ ఫైలు ఉన్న చోటనే పక్కన ఉంచాను. చీటీలో తప్పులున్నాయేమో చూసే ఆజ్ఞ ఒకటి ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్ అని రాసి, పక్కన ఒక అడ్డగీత, చిన్న టి అక్షరం కొట్టాలి. కొట్టాను. ఆఖరి లైనులో "టెస్ట్ ఈజ్ సక్సెస్‌ఫుల్" అని వచ్చింది. సర్వరును రీలోడ్ చేశాను. ఫోనులో మొదటి పేజీ తెరిచి చూశాను, బాగానే వచ్చింది. హాయిగా పడుకున్నాను.

మర్నాడు ఆఫీసులో గుమాస్తా గారు కొత్త టైంటేబుల్ టైపు చేసి కొత్త ఫోల్డరులో పెట్టారు. సరిగ్గా పెట్టారు. ఆ మాట గుర్తుంచుకోండి.

13వ తేదీ ఉదయం ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో ఒక బ్యాచ్‌కి ముగ్గురు రాలేదు. హాస్టల్లో ఉండేవాళ్ళు నోటీసు బోర్డు చూసుకున్నారు. రోజూ ఊళ్ళ నుంచి వచ్చిపోయేవాళ్ళు ఫోనులో చూసుకున్నారు. ఫోనులో కనబడింది క్రిందటి ఏటి టైంటేబుల్! అందులో తేదీలున్నాయి గాని సంవత్సరం వెయ్యలేదు. ముగ్గురిలో ఇద్దరికి స్నేహితులు ఫోన్లు చేస్తే పరుగెత్తుకొచ్చారు. మూడో అమ్మాయి మాత్రం 14వ తేదీ పొద్దున్నే మొదటి బస్సెక్కి, వాళ్ళ నాన్నగారితో సహా దిగింది. పరీక్ష నిన్ననే అయిపోయిందని తెలిసి లాబ్ గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

ఫోను తీసి చూపించింది. చూసిన పెద్దలకు వెంటనే దోషి దొరికాడు. టైంటేబుల్ పెట్టేది ఎవరు? గుమాస్తా గారు. పాతది పెట్టింది ఎవరు? ఇంకెవరు, గుమాస్తా గారే! "నేను కొత్తదే పెట్టాను సార్" అని ఆయన మొత్తుకుంటున్నా వినేవాళ్ళు లేరు. మధ్యాహ్నానికల్లా ఆయన చేతిలో మెమో పడింది. ఆయన పర్మనెంటు ఉద్యోగి కాదు. కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. మార్చి నెలాఖరుకు రెన్యువల్ ఉంది. అటువంటి మనిషికి మార్చి 14న మెమో అంటే ఏమిటో మన లెక్చరర్లకు నేను చెప్పనవసరం లేదు.

రెండు గంటలకు నేను ఆ మూల గదిలో కూర్చున్నాను. ఫోల్డరు తెరిచి చూస్తే గుమాస్తా గారు పెట్టిన కొత్త టైంటేబుల్ చక్కగా ఉంది. సర్వరు మాత్రం పాతదే చూపిస్తోంది. అక్కడి నుంచి మూడున్నర గంటలసేపు నేను చేసిన పనులన్నీ తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫోను పాత పేజీని దాచుకొని చూపిస్తోందేమోనని వేరే వాళ్ళ ఫోన్లు అడిగాను. సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మొత్తం కంప్యూటరునే ఆపి మళ్ళీ వేశాను. ఫైలు అనుమతులు మార్చాను. ఫోల్డరు పేరు మార్చాను. ఒకేసారి నాలుగు మార్చాను. ఏది మార్చినా ఫలితం లేదు. పైగా మొదట ఏది ఎలా ఉందో నాకే మర్చిపోయే పరిస్థితి వచ్చింది.

మిత్రులారా, మా ఊరు కృష్ణా డెల్టాలో కాలువ చివర ఉంది. మా పొలం బోదె చివర ఉంది. నీళ్ళు రాకపోవడం మాకు కొత్త కాదు. నీళ్ళు రాని రోజున మా నాన్న ఏం చేస్తాడో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. తూము దగ్గరకు వెళ్ళి లస్కరుతో పోట్లాడడు. ముందు మా పొలం గట్టు దగ్గర మొదలుపెట్టి, బోదె వెంబడి పైకి నడుస్తాడు. ఎక్కడిదాకా తడి ఉంది, ఎక్కడ ఆగింది అని చూసుకుంటూ వెళతాడు. ఒకచోట ఎండ్రకాయ బొక్క ఉంటుంది. ఒకచోట గడ్డి అడ్డం పడి ఉంటుంది. ఒక్కొక్కటే సరిచేసి, కాసేపు నిలబడి, నీళ్ళు కదిలాయా లేదా అని చూస్తాడు. కదిలితే ఇంటికి వస్తాడు. లేకపోతే ఇంకొంచెం పైకి వెళతాడు. చేతిలో పార తప్ప మరో సాధనం ఉండదు.

బి.యస్.సి. చదువుతున్న కొడుకు ఆ పాటి క్రమం కూడా లేకుండా మూడున్నర గంటలు పార విసిరాడు!

అయిదున్నర ప్రాంతంలో నాన్న గుర్తుకొచ్చాడు. మార్చినవన్నీ వెనక్కి తిప్పి, పొలం గట్టు దగ్గర మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న: నా ఫోను అడిగిన మాట అసలు ఈ సర్వరుకు చేరుతోందా? సర్వరు తనకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ ఒక చిట్టాలో రాసి పెడుతుంది. దాన్ని యాక్సెస్ లాగ్ అంటారు. తెరిచి చూశాను. నేను అడిగినట్టు ఉంది. పక్కన 200 అన్న అంకె ఉంది. 200 అంటే "అడిగింది సవ్యంగా ఇచ్చేశాను" అని అర్థం. 404 అంటే అడిగిన పేజీ లేదని, 403 అంటే చూడడానికి నీకు అనుమతి లేదని, 502 అంటే వెనకాల పనిచేసే మరో ప్రోగ్రాము నుంచి సరైన జవాబు రాలేదని. ఇవన్నీ మర్యాదస్తులైన తప్పులు. ఎదురుగా వచ్చి నేను తప్పు అని చెప్పుకుంటాయి. 200 అని చెప్పి పాత కాగితం చేతిలో పెట్టడం ఉందే, అది వాటన్నిటికన్నా చెడ్డది. ఆ అమ్మాయి టైంటేబుల్ చూసుకున్న ప్రతిసారీ మన సర్వరు 200 అనే రాసుకుంది.

రెండో ప్రశ్న: నేను మార్చిన ఫైలును సర్వరు చదువుతోందా? ఇది తెలుసుకోవడానికి ఒక పల్లెటూరి ఉపాయం చేశాను. ఫైలు మధ్యలో కావాలని ఒక పిచ్చి మాట రాసి, మళ్ళీ చిన్న టి ఆజ్ఞ ఇచ్చాను. ఫలానా ఫైలులో ఫలానా లైనులో తప్పుందని వెంటనే గొడవ చేసింది. అంటే చదువుతోంది. చదివీ ఖాతరు చెయ్యడం లేదు!

పిచ్చి మాట తీసేసి మరోసారి పరీక్ష చేశాను. ఈసారి ఆఖరి లైను ఒక్కటే కాకుండా పై లైన్లు కూడా చదివాను. అక్కడ ఉంది. "కాన్‌ఫ్లిక్టింగ్ సర్వర్ నేమ్... ఇగ్నోర్డ్" అని ఒక హెచ్చరిక. ఒకే పేరుతో ఇద్దరున్నారు, రెండోవాణ్ణి వదిలేస్తున్నాను అని దాని భావం. 10వ తేదీ రాత్రి కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. "సక్సెస్‌ఫుల్" అన్న మాట చూసి మురిసిపోయి నేను పైకి చూడలేదు.

చిన్న టి బదులు పెద్ద టి కొడితే ఎన్‌జిన్‌ఎక్స్ తాను చదివిన ఫైళ్ళన్నీ, వాటి పేర్లతో సహా, వరసగా మన ముందు పోస్తుంది. కొట్టి చూశాను. నా ఫైలు ఉంది. దానికి ముందు నేను తీసిన నకలు ఉంది! ఆ ఫోల్డరులో ఉన్న ఫైళ్ళన్నిటినీ చదవమని ముఖ్యమైన ఫైలులో ఒక నక్షత్రం గుర్తుతో రాసి ఉంది. అసలేదో నకలేదో దానికి తెలియదు. ఇంగ్లీషు అక్షరక్రమంలో చదువుతుంది. 'ఓ' అక్షరం 'టి' కన్నా ముందు వస్తుంది కాబట్టి "ఓల్డ్-టైంటేబుల్" ముందు చదివింది. ఆ పేరుకు అదే యజమాని అయింది. నా కొత్త ఫైలు రెండోది కాబట్టి పక్కన పెట్టేసింది.

మా పొలాల్లో ఇలాగే జరుగుతుంది. కొత్త మడవ తెరిచి, పైన ఉన్న పాత మడవ మూయడం మర్చిపోతే నీళ్ళన్నీ పాత మడవలోకే పోతాయి. నీళ్ళకు కొత్తా పాతా ఏం తెలుసు? ముందు ఏది తెరిచి ఉంటే దాన్లోకి పోతాయి. అందులో నీళ్ళ తప్పేమీ లేదు.

ఆ నకలును అక్కడి నుంచి తీసి వేరే చోట పెట్టి రీలోడ్ చేశాను. కొత్త టైంటేబుల్ వచ్చేసింది. అప్పుడు సాయంత్రం ఆరున్నర. గుమాస్తా గారు మెమో జేబులో పెట్టుకొని ఇంటికి వెళ్ళిపోయారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంతకాలం ఏం జరిగిందో ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

నిజం ఒప్పుకుంటాను. ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. "సర్వరు కొంచెం ట్రబులిచ్చింది సార్, బాగుచేశాను" అంటే చాలు. అందరూ నమ్ముతారు. పైగా మెచ్చుకుంటారు కూడా. ఆ వాక్యాన్ని హాస్టల్ గదిలో పడుకొని పదిసార్లు మనసులో అప్పజెప్పుకున్నాను. పదోసారికి అది ఎక్కడో విన్న వాక్యంలా తోచింది. మా నాన్నను మూడు రోజులు తిప్పిన వాక్యం అదే!

మర్నాడు వెళ్ళి హెడ్డు గారితో ఉన్నదున్నట్టు చెప్పాను, కాగితం మీద కూడా రాసి ఇచ్చాను. చీవాట్లు పెట్టారు. పెట్టవలసిందే. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ అమ్మాయిని ఆఖరి బ్యాచ్‌తో కూర్చోబెట్టారు. అంతా సుఖాంతమే అనుకోవచ్చు. కాని ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పబోతే ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. "నేనే సరిగ్గా చూసుకోలేదేమో అనుకున్నాను అన్నయ్యా. మా నాన్న కూడా నన్నే తిట్టాడు" అంది.

చూశారా? యంత్రం తప్పు చెయ్యలేదు. గుమాస్తా తప్పు చెయ్యలేదు. ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదు. కాని తప్పు భారం ఆ ఇద్దరూ మోశారు. చేసినవాడు హాయిగా ఫోను చూసుకుంటూ తిరిగాడు. నీళ్ళు పల్లానికి పోయినట్టే కంప్యూటరు తప్పులు కూడా ఎప్పుడూ కిందికే పోతాయి. పైన చీటీ రాసినవాడి దాకా ఎక్కి రావు. ఎవరైనా గట్టు వెంబడి నడిచి వెతికితే తప్ప!

ఇటువంటి పొరపాట్లు అనుభవం లేని కుర్రాళ్ళే చేస్తారనుకుంటే అది భ్రమ. 2009 జనవరి 31న గూగుల్ సంస్థ హానికరమైన సైట్ల జాబితాలో పొరపాటున ఒక్క ఏటవాలు గీత చేరింది. ఆ గీత ప్రపంచంలోని ప్రతి సైటు చిరునామాలోనూ ఉంటుంది. దాంతో కొంతసేపు ప్రపంచంలోని సైట్లన్నీ హానికరమైనవని గూగుల్ చెప్పుకుంటూ పోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా మూగబోయాయి. తమ సొంత నెట్‌వర్కు మీద తామే చేసిన మార్పుల వల్ల అలా జరిగింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన కాన్ఫిగరేషన్ ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల కంప్యూటర్లు కూలబడ్డాయి. ఆ రోజు మన హైదరాబాదు విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఈ మూడింటిలోనూ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ సంస్థలన్నీ ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో బహిరంగంగా రాసి ప్రకటించాయి. గూగుల్ అయితే మనిషి పొరపాటు అని ఆ రోజే ఒప్పుకుంది. వాళ్ళందరూ హరిశ్చంద్రులని నేననడం లేదు. కోట్ల మంది చూస్తుండగా దాచడం సాధ్యం కాదు కూడా. కారణం ఏదైనా, ఒకరి తప్పు నలుగురికీ పాఠమయింది. మన దగ్గర అలా జరగదు. మన దగ్గర "సర్వరు డౌన్" అన్న రెండు మాటలతో కథ ముగుస్తుంది. వానలు పడలేదు, కాలం కలిసి రాలేదు అన్నట్టుగా చెబుతాం. వాన మన చేతిలో లేదు. చీటీ మన చేతిలోనే ఉంది గదా!

తప్పుడు చీటీల వల్ల కలిగే నష్టం టైంటేబుల్‌తో ఆగదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఫలానా మార్గంలో అడిగితే ఫలానా ఫోల్డరులోంచి ఇవ్వు అని రాసేటప్పుడు, ఒకచోట చివరి ఏటవాలు గీత పెట్టి మరొకచోట మరిచిపోతే, ఆ పై ఫోల్డరులో దాచుకున్న ఫైళ్ళు కూడా బయటివాళ్ళు చదవగలిగే సందు ఏర్పడుతుంది. తెలియని పేరుతో ఎవరైనా వస్తే, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, మొదట రాసి ఉన్న సైటునే చూపిస్తుంది. అపాచీ కూడా అంతే. ఒకరి మార్కులు మరొకరికి కనబడడానికి దొంగలే రానక్కర లేదు, మన అజాగ్రత్త చాలు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ ముఖ్యమైన పది ప్రమాదాల జాబితా ప్రకటిస్తూ ఉంటుంది. 2017 జాబితాలో సెట్టింగుల పొరపాట్లది ఆరో స్థానం. 2021లో అయిదో స్థానానికి ఎక్కింది.

మరి మనం ఏం చెయ్యాలి? నా అభిప్రాయాలు నాలుగు.

మొదటిది. ప్రతి డిపార్ట్‌మెంటులోనూ సర్వరు పక్కన ఒక తప్పుల రిజిస్టరు ఉండాలి. పెద్ద ఖర్చేమీ లేదు, నూరు పేజీల నోటుబుక్కు చాలు. ఏం కనబడింది, ఎప్పటి నుంచి, అసలు కారణమేమిటి, ఎలా కనిపెట్టాం అన్న నాలుగు గడులు. తప్పు చేసినవాడే తన చేత్తో రాయాలి. ఇంకొకరి పేరు ఇంకొకరు రాయకూడదు. లాబ్‌లో ప్రయోగం చెడిపోతే ఆ రీడింగులు కూడా రికార్డులో ఉంచాలని మనకు నేర్పుతారు గదా, అదే న్యాయం ఇక్కడా.

రెండోది. చిట్టాలు చూడకుండా ఎవరికీ మెమో ఇవ్వకూడదు. మెమో ఒక గంటలో టైపు చెయ్యవచ్చు. లాగ్ చదవడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట ఓపిక పట్టలేమా?

మూడోది. సర్వరు ముట్టుకునే విద్యార్థులకు కొన్ని అలవాట్లు తప్పనిసరి చెయ్యాలి. నకలు తీయాలి, కాని అసలు ఉన్న చోట పెట్టకూడదు. ఇంకా మంచిది, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ లాంటి సాధనంలో ప్రతి మార్పూ భద్రపరచడం. ఒకసారికి ఒకటే మార్చాలి. పరీక్ష ఫలితంలో ప్రతి లైనూ చదవాలి. తప్పుడు చీటీ ఇచ్చి రీలోడ్ చేస్తే ఎన్‌జిన్‌ఎక్స్ కొత్తదాన్ని తిరస్కరించి పాతదానితోనే నడుస్తూ ఉంటుంది కాబట్టి, పేజీ వచ్చింది గదా అని సంబరపడకూడదు. మనం ఏది మార్చామో ఆ పేజీనే, బయటివాళ్ళు చూసినట్టు చూసి, అక్షరం అక్షరం చదవాలి. నేను మొదటి పేజీ చూసి పడుకోకుండా టైంటేబుల్ తెరిచి ఒక్క తేదీ చదివి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

నాలుగోది చాలా చిన్నది. ఏ నోటీసు మీదైనా సంవత్సరం వెయ్యండి మహాప్రభో!

రిజిస్టరు మాట ఎత్తగానే ఒక లెక్చరర్ గారు "తప్పులు రాసి పెట్టుకుంటే రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు చూస్తే కాలేజీ పరువు ఏం కావాలోయ్?" అన్నారు. ఆయన భయంలో అర్థం లేకపోలేదు. తప్పులు ఒప్పుకున్నవాణ్ణి మెచ్చుకునే లోకం కాదు ఇది. నేను చెప్పినందుకు నన్ను చీవాట్లతో వదిలిపెట్టారంటే నేను విద్యార్థిని కాబట్టి. అదే తప్పు ఆ గుమాస్తా గారు నిజంగా చేసి, నిజంగా ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం నిలిచేదా? ఈ ప్రశ్నకు మనలో ఎవరమూ ధైర్యంగా అవునని చెప్పలేం. అందుకే నిజం చెప్పమని కింది ఉద్యోగికి నీతులు చెప్పే ముందు, చెప్పినవాడికి అన్నం పోదన్న నమ్మకం కల్పించాలి. అది పెద్దల బాధ్యత. ముందు వరసలో నిలబడి ఒప్పుకోవడం, పోయేదేమీ లేని మనలాంటి వాళ్ళ బాధ్యత.

ఇక పరువు సంగతి. గండి పడినప్పుడు దాచినవాడి పరువు నిలిచిందా, కేకేసి నలుగురినీ పిలిచినవాడి పరువు నిలిచిందా? మా ఊళ్ళో అయితే దాచినవాణ్ణి తర్వాత ఎవరూ గట్టు కాపలాకు పెట్టరు.

మిత్రులారా! మనలో చాలామందిమి రేపు ఇటువంటి సర్వర్లు నడిపే ఉద్యోగాల్లోకే పోతాం. హైదరాబాదు పోతాం, బెంగుళూరు పోతాం, కొందరు అమెరికా కూడా పోతారు. మనం రాసే చీటీల అవతల ఎక్కడో ఒక ఊళ్ళో ఒక రైతు పని మానుకొని వరసలో నిలబడి ఉంటాడు. ఆయనకు మన పేరు తెలియదు. సర్వరు అనే పేరు మాత్రమే తెలుసు. ఆ వరసలో మా నాన్న ఉన్నాడు. మీలో చాలామంది నాన్నలు కూడా ఉంటారు.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పాత మడవ సంగతి చెప్పేసరికి ఆయనకు మొత్తం అర్థమైపోయింది. కాసేపు ఆలోచించి అన్నాడు: "అయితే మొన్న నా కాగితం రాకపోవడానికి కూడా ఎవడో ఒకడు పైన మడవ మూయడం మర్చిపోయి ఉంటాడన్నమాట. వాడికి ఆ సంగతి తెలుసంటావా?"

తెలియదు నాన్నా. తెలియజేసే ఏర్పాటే మన దగ్గర లేదు. అది మన కాలేజీలో మొదలవ్వాలని నా కోరిక. రిజిస్టరు నేనే కొన్నాను. మొదటి పేజీలో మొదటి తప్పు నాదే రాశాను. రెండో పేజీ ఖాళీగా ఉంది.